యుద్ధం వస్తే పుట్టి, సంధి కుదిరితే పోయే శాఖ

(గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక చరిత్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసినది.)

అధ్యక్షులవారికి, పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం. వెనక ఉన్నవాళ్ళకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరికి జరుపుకుంటాను.

కరపత్రంలో ‘గూఢచారుల చరిత్ర’ అని వేశారు. ఆ పేరు చూసే కాబోలు పిల్లలు ఇంతమంది వచ్చారు. ముందే చెప్పేస్తున్నాను, ఇవాళ నేను మాట్లాడేది గూఢచారుల గురించి కాదు. మారువేషాలు, విషపు ఉంగరాలు ఏమీ ఉండవు. సైన్యంలోనే ఉండి, సైనికుల బట్టల్లోనే తిరుగుతూ, శత్రువు గురించి వార్త పోగుచేసే ఒక శాఖ ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఫీల్డ్ ఇంటెలిజెన్స్ అన్నారు. ఢిల్లీలోనో లండన్‌లోనో రాజుకి కావలసిన రహస్యాలు వేరు. రేపు పొద్దున పటాలాన్ని నడిపించాల్సిన సేనానికి కావలసిన సంగతులు వేరు. ఏటికి రేవు ఎక్కడుంది? ఆ వంతెన ఫిరంగి బరువు ఆగుతుందా? ముందున్న ఊళ్ళో గుర్రాలకి గడ్డి దొరుకుతుందా? ఎదుట దిగింది ఏ దళం, వాళ్ళ దగ్గర ఎన్నాళ్ళకి సరిపడా తిండి ఉంది? చూడండి, ఇందులో రహస్యం ఎంత? చాలా తక్కువ. ఊళ్ళో గొర్రెలు కాసేవాడికి కూడా తెలిసిన సంగతులే సగం. అవి తెలియకే వేలమంది చచ్చిపోయారు.

నేను బ్రిటిష్ సైన్యాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. ఎందుకంటే, ఈ శాఖని ఇన్నిసార్లు పుట్టించి ఇన్నిసార్లు రద్దుచేసిన సైన్యం నాకు ఇంకోటి కనబడలేదు. పైగా కథ మొదలయ్యేది మన దక్కన్‌లోనే.

1803వ సంవత్సరం, సెప్టెంబర్ నెల. ఇప్పటి మహారాష్ట్రలో జాల్నా జిల్లా. 1956 దాకా ఆ మరాఠ్వాడా అంతా మన హైదరాబాద్ రాష్ట్రంలో భాగమే, పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆర్థర్ వెల్లెస్లీ అనే ముప్ఫై నాలుగేళ్ళ సేనాని మద్రాసు సిపాయిల పటాలాలతో, కొన్ని తెల్ల పటాలాలతో మరాఠా పాలకులు దౌలత్‌రావు సింధియా, రఘూజీ భోంస్లేల మీదికి వెళ్తున్నాడు. తర్వాత నెపోలియన్‌ని ఓడించి వెల్లింగ్టన్ అని పేరు తెచ్చుకున్నది ఈయనే. అక్కడ మ్యాపులు లేవు. ఉన్నవి కూడా నమ్మదగినవి కావు. మరి వార్త ఎలా వచ్చేది? హర్కారాల ద్వారా. హర్కారా అంటే ఉత్తరాలు మోసేవాడు, దారి చూపేవాడు, వార్త తెచ్చేవాడు, మూడూ ఒకడే. సైన్యానికి ధాన్యం మోసే బంజారాలు కూడా, మనం లంబాడీలంటామే, వాళ్ళ బిడార్లు కూడా ఆ దారులన్నీ ఎరిగినవే.

ఇక్కడ వెల్లెస్లీ ఒక పని చేశాడు. హర్కారాలందరినీ ఒకే పెద్ద కింద పెట్టలేదు. వార్తల కోసం మూడు వేర్వేరు విభాగాలు పెట్టాడు. ఒక విభాగానికి రెండోదానితో సంబంధం ఉండదు. మూడు చోట్ల నుంచి వచ్చిన కబుర్లని పక్కపక్కన పెట్టి సరిచూసేవారు. కల్లం దగ్గరికి ముగ్గురు దళారులొస్తే రైతు ఏం చేస్తాడు? ముగ్గురినీ విడివిడిగా పక్కకి తీసుకెళ్ళి ధర అడుగుతాడు. అంతే ఇది కూడా. ఈ వార్తల పనిలో ఆయనకి తోడున్నది మౌంట్‌స్టూవర్ట్ ఎల్ఫిన్‌స్టన్, అప్పటికి ఇంకా ఇరవై నాలుగేళ్ళు నిండని కుర్రాడు. పారసీ భాష వచ్చినవాడు.

సరే, ఇంత ఏర్పాటు ఉంది కదా, మరి అంతా సరిగ్గా జరిగిందా? జరగలేదు. అదే నేను చెప్పబోయేది. హర్కారాలు వచ్చి శత్రువు భోకర్దన్‌లో దిగాడన్నారు. నిజమే చెప్పారు. కానీ భోకర్దన్ అని ఒక ఊరుంది, దాని చుట్టుపక్కల పరగణానీ భోకర్దన్ అనే అంటారు. వాళ్ళు చెప్పింది పరగణా పేరు, వెల్లెస్లీ అనుకున్నది ఊరు పేరు. సింధియా పదాతి దళం ఉన్నది భోకర్దన్ ఊళ్ళో కాదు, అస్సయే దగ్గర. కల్నల్ స్టీవెన్‌సన్ హైదరాబాద్ దళంతో ఇంకో దారిన వస్తున్నాడు, ఇద్దరూ కలిసి 24న దెబ్బ కొడదామని ముందే మాట. 23న పొద్దున మజిలీకి చేరేసరికి తెలిసింది, శత్రువు అనుకున్నంత దూరంలో లేడు, ఆరు మైళ్ళలో ఉన్నాడు. దాదాపు వంద ఫిరంగులతో! ఒక్క మాట రెండు రకాలుగా అర్థమైతే ఎంత ప్రమాదమో చూశారా?

ఆగుదామా, కొట్టేద్దామా? కొట్టేద్దామనుకున్నాడు. మధ్యలో కైత్నా ఏరు. దారి చూపేవాళ్ళు ఇక్కడ దాటడానికి రేవు లేదన్నారు. వెల్లెస్లీ దుర్భిణిలో చూస్తే ఈ గట్టున పింపల్‌గావ్, ఆ గట్టున సరిగ్గా ఎదురుగా వరూర్, రెండు ఊళ్ళు కనబడ్డాయి. ఏటికి అటూ ఇటూ ఎదురెదురుగా రెండు ఊళ్ళు ఎందుకు కడతారండీ, మధ్యలో రాకపోకలు లేకపోతే? రేవు ఉండి తీరాలి అనుకున్నాడు. కెప్టెన్ జాన్సన్‌ని పంపి చూసి రమ్మన్నాడు. ఉంది! సైన్యం అక్కడే దాటింది. గెలిచాడు, కానీ చచ్చినవాళ్ళూ గాయపడ్డవాళ్ళూ కలిపి అటు ఇటుగా పదహారు వందలమంది. చాలా ఏళ్ళ తర్వాత ఆయనే అన్నాడు, యుద్ధం పనంతా తెలిసినదాన్ని బట్టి తెలియనిదాన్ని పట్టుకోవడమేనని, కొండకి అవతల ఏముందో ఊహించడమేనని.

ఇక్కడ నేర్చుకున్నది ఆయన వెంట పోర్చుగల్, స్పెయిన్ దేశాలకి వెళ్ళింది. 1808 నుంచి అక్కడ నెపోలియన్ సైన్యంతో యుద్ధం. అక్కడ గైడ్స్ కోర్ అని ఒక చిన్న దళం పెట్టారు, జార్జ్ స్కోవెల్ అనే అధికారి కింద. ఎవరు అందులో? పోర్చుగీసువాళ్ళు, ఫ్రెంచి సైన్యాన్ని వదిలేసి పారిపోయి వచ్చినవాళ్ళు, ఇలా కలగాపులగం. దారి చూపడం, టపా మోయడం, ఊళ్ళో జనాన్ని అడిగి సంగతులు రాసుకోవడం వాళ్ళ పని. ఇంకో రకం అధికారులు ఉండేవారు, గుర్రమెక్కి ఒంటరిగా శత్రువు ఉన్న ప్రాంతంలోకి వెళ్ళిపోయి కొండలు, రోడ్లు, పటాలాలు లెక్కపెట్టుకుని వచ్చేవాళ్ళు. కోల్‌హూన్ గ్రాంట్ అని వాళ్ళలో బాగా పేరున్నవాడు. పూర్తి యూనిఫాంలోనే తిరిగేవాడు. ఎందుకో తెలుసా? యూనిఫాంలో పట్టుబడితే యుద్ధ ఖైదీ, మామూలు బట్టల్లో పట్టుబడితే ఉరి. 1812 ఏప్రిల్‌లో పట్టుబడ్డాడు. ఆయన్ని ఖైదీగా తీసుకెళ్ళారు. ఆయన వెంట ఉన్న లియోన్ అనే స్పెయిన్ వాడిని మాత్రం కాల్చేశారు. దొరకి ఒక చట్టం, దారి చూపినవాడికి ఒక చట్టం. ఇది ముందు కూడా వస్తుంది, గుర్తు పెట్టుకోండి.

స్కోవెల్ చేసిన పెద్ద పని ఇంకోటి. స్పెయిన్ గెరిల్లాలు ఫ్రెంచి టపావాళ్ళని దారిలో పట్టుకుని, బట్టల్లో కుట్టుకున్న చిన్న చిన్న చీటీలు తెచ్చి ఇచ్చేవాళ్ళు. అందులో అంతా అంకెలు. 1,400 దాకా అంకెలున్న సంకేత లిపి అది. ఒక్కో అంకె ఒక్కో మాటకో, అక్షరానికో గుర్తు. స్కోవెల్ కూర్చుని దాన్ని విప్పేశాడు. ఎలా? ఫ్రెంచి అధికారుల బద్ధకం వల్ల! ఉత్తరమంతా అంకెల్లో రాయడానికి విసుగొచ్చి, సగం వాక్యం మామూలు ఫ్రెంచిలో రాసి ముఖ్యమైన మాటలు మాత్రం అంకెల్లో వేసేవాళ్ళు. అటూ ఇటూ మాటలు చదివితే మధ్యలోది ఏమై ఉంటుందో తెలియదూ? నవ్వుతున్నారు గానీ, ఇప్పుడు మన పాస్‌వర్డులు అంతకంటే గొప్పగా ఉన్నాయా?

యుద్ధం అయిపోయింది. ఈ దళాన్ని ఏం చేశారు? రద్దు చేశారు. స్కోవెల్ నేర్చుకున్నది స్కోవెల్ దగ్గరే ఉండిపోయింది.

ఆ ఫలం క్రిమియాలో తెలిసింది. 1854లో రష్యా మీద యుద్ధానికి సైన్యాన్ని ఓడల్లో తీసుకెళ్ళి దింపారు. అక్కడి భూమి ఎలాంటిదో, సెవస్తోపోల్ కోటలో ఎంతమంది ఉన్నారో సరైన లెక్క లేదు. మ్యాపు కూడా లేదు. ఆ మ్యాపు తెచ్చి ఇచ్చింది ఎవరంటే థామస్ జెర్విస్, బొంబాయి ఇంజనీర్లలో పనిచేసి రిటైరైన మేజర్. ఈయన పేరు సర్వే చరిత్ర చదివినవాళ్ళకి తెలుస్తుంది. భారతదేశపు సర్వేయర్ జనరల్ జార్జ్ ఎవరెస్ట్ తర్వాత ఆ పదవి ఈయనకే అని ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు అనుకుంటే, బతికి ఉండగానే వారసుణ్ణి వెతుకుతారా అని ఎవరెస్ట్ మండిపడ్డాడు. ఆ జెర్విసే రష్యా సైన్యం వేసుకున్న క్రిమియా మ్యాపుని బ్రస్సెల్స్‌లో సంపాదించాడు. శత్రువు వేసిన మ్యాపు! అప్పుడు కళ్ళు తెరిచి 1855లో ఒక శాఖ పెట్టి ఆయన చేతికే ఇచ్చారు. యుద్ధం పోగానే మళ్ళీ నీరసించింది. 1873లో ఇంటెలిజెన్స్ బ్రాంచి అని కొత్త బోర్డు కట్టారు. అయితే అది లండన్ ఆఫీసు. పొలం గట్టు మీద, యుద్ధం జరిగే చోట, ఎవరూ లేరు.

పంజాబులో 1846లో హ్యారీ లమ్స్‌డెన్ అనే ఆయన కింద ఒక గైడ్స్ దళం పెట్టారు. ఖాకీ బట్టలు సైన్యంలోకి వచ్చింది వాళ్ళతోనే. అది కూడా వార్త కోసమూ, దారి కోసమూ పుట్టిందే. కానీ బాగా పోరాడుతున్నారని మెల్లగా మామూలు రెజిమెంటు అయిపోయింది. మంచి పేరు కూడా ఈ శాఖకి చేటే!

ఇప్పుడు దక్షిణాఫ్రికాకి వద్దాం. ఇక్కడ కాసేపు ఆగాలి. 1899లో బోయర్లతో, అంటే అక్కడ స్థిరపడ్డ డచ్చి సంతతివాళ్ళతో, యుద్ధం. లండన్ ఆఫీసువాళ్ళు బోయర్ల బలం, వాళ్ళ తుపాకులు, అన్నీ ఒక చిన్న పుస్తకంగా వేసే ఉంచారు. పెద్దగా తప్పు లెక్కలు కూడా కావు. కానీ అక్కడ, ఆ కొండల్లో, రోజూ చూసి చెప్పేవాళ్ళు చాలినంతమంది లేరు. 1900 జనవరి 24, స్పియాన్ కోప్ అనే కొండ. రాత్రికి రాత్రి చీకట్లో, పొగమంచులో, బ్రిటిష్ సైనికులు కొండ ఎక్కేశారు. పైకి చేరాం, గెలిచేశాం అనుకుని కందకం తవ్వుకున్నారు. రాతి నేల, లోతుగా తవ్వలేకపోయారు. పొద్దున మంచు విడిపోయాక చూస్తే ఏమైందంటే, వాళ్ళు తవ్విన చోటు కొండ అంచు కాదు. అంచు ఇంకా ముందుంది. చుట్టూ ఉన్న గుట్టల మీది నుంచి బోయర్లకి ఆ కందకం అరచేతిలో ఉన్నట్టు కనబడుతోంది. ఇక చెప్పాలా? కందకమే గొయ్యి అయింది.

ఆ కొండ నుంచి గాయపడినవాళ్ళని డోలీల మీద మోసుకొచ్చినవాళ్ళలో మన భారతీయులున్నారు. మోహన్‌దాస్ గాంధీ నడిపిన ఇండియన్ అంబులెన్స్ దళం. సుమారు 1,100 మంది, అందులో చాలామంది గిరిమిటి కూలీలు, అంటే ఒప్పందం మీద తీసుకెళ్ళిన కూలీలు. దక్షిణాఫ్రికాలోని ఆ నేటాల్ ప్రాంతానికి మద్రాసు రేవు మీదుగా వెళ్ళిన కూలీలంటే తమిళులు, మన తెలుగువాళ్ళే ఎక్కువ. కొండ అంచు ఎక్కడో తెలియకపోవడం వల్ల పడ్డ శవాలనీ క్షతగాత్రులనీ ఎవరు మోశారో చూడండి.

తర్వాత బుద్ధి వచ్చింది. ఫీల్డ్ ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ అని కట్టారు, డేవిడ్ హెండర్సన్ అనే అధికారి దాన్ని ఒక పద్ధతిలో పెట్టాడు. నడిచే ప్రతి దళంతోనూ ఒక ఇంటెలిజెన్స్ ఆఫీసరు. జిల్లాలవారీగా పంచుకుని, పట్టుబడినవాళ్ళు చెప్పింది, దొరికిన ఉత్తరాలు, స్కౌట్లు చూసింది, అన్నీ ఒకచోట చేర్చి రాయడం. యుద్ధం ముగిసేసరికి వంద దాటి ఆఫీసర్లు, రెండు వేలు దాటి తెల్ల సైనికులు అందులో ఉన్నారు. ఇక లెక్కలో సరిగ్గా చేరనివాళ్ళు, నల్లజాతి స్కౌట్లు, వేలమంది. అసలు కన్ను వాళ్ళే. రాత్రిళ్ళు బోయర్ల మకాం ఎక్కడో పసిగట్టి వచ్చేది వాళ్ళే. బోయర్ల చేతికి చిక్కితే చాలాసార్లు అక్కడికక్కడే కాల్చేసేవాళ్ళు. స్పెయిన్‌లో లియోన్ సంగతి చెప్పానే, అదే చట్టం ఇక్కడా.

1902లో సంధి. మరి ఆ డిపార్ట్‌మెంట్? మీరే చెప్పండి. అవును, మూసేశారు. హెండర్సన్ మాత్రం తను చూసిందంతా ఒక చేతి పుస్తకంగా రాసిపెట్టాడు. తర్వాత ఆయనే విమానాలు నేర్చుకుని, రాయల్ ఫ్లయింగ్ కోర్‌కి అధిపతి అయ్యాడు. గుర్రం మీద నుంచి చూసినవాడికి పైనుంచి చూస్తే ఎంత కనబడుతుందో వేరే ఎవరైనా చెప్పాలా?

1914 ఆగస్టు. జర్మనీతో యుద్ధం మొదలయ్యాక అప్పటికప్పుడు ఇంటెలిజెన్స్ కోర్ కట్టారు. ఫ్రెంచి, జర్మన్ భాషలు వచ్చినవాళ్ళకి, మోటారు సైకిలు నడపగలవాళ్ళకి కబురు పంపి పోగుచేశారు. మొదటి కమాండెంటు మేజర్ టోరీ, భారత సైన్యపు అధికారి. ఖైదీలని ప్రశ్నించడం, విమానం నుంచి తీసిన ఫోటోలు చదివి కందకాల మ్యాపులు గీయడం, ఆ నాలుగేళ్ళలో ఇదొక విద్య అయింది. జర్మన్ల కింద ఉన్న బెల్జియంలో మామూలు గృహిణులు, రైల్వేవాళ్ళు, ముసలివాళ్ళు కిటికీ దగ్గర కూర్చుని రైళ్ళు లెక్కపెట్టి చెప్పేవాళ్ళు. ఎన్ని పెట్టెలు, మనుషులా గుర్రాలా ఫిరంగులా. అది చూస్తే ఏ డివిజను ఏ వైపు కదులుతోందో తెలిసిపోయేది. వాళ్ళ దళానికి ‘తెల్ల దొరసాని’ అని అర్థం వచ్చే ఫ్రెంచి పేరు ఉండేది.

1929 వచ్చేసరికి ఆ కోర్ పూర్తిగా లేదు. మళ్ళీ 1940 జూలై 19న, ఫ్రాన్స్‌లోని డంకిర్క్ రేవు నుంచి సైన్యం ఓడల్లో బయటపడి వచ్చాక, కొత్తగా కట్టారు. పదకొండేళ్ళు! ఆ మధ్యలో జర్మన్ నేర్చుకున్న కుర్రాడికి ఉద్యోగం లేదు, ఫోటో చదవడం నేర్చుకున్నవాడు బడిపంతులు అయిపోయాడు. మనుషులని మళ్ళీ తెచ్చుకోవచ్చు. రోజూ నాలుగు కాగితాలు పక్కపక్కన పెట్టి చదివే అలవాటుని ఎక్కణ్ణుంచి తెస్తారు? ఈసారి మాత్రం యుద్ధం ముగిసినా తీసెయ్యలేదు, ఇప్పటికీ ఉంది. ఆ యుద్ధంలోనే ఢిల్లీ ఆనంద్ పర్వత్ మీద కూడా ఈ కోర్ మనుషులు కూర్చుని జపాన్ వాళ్ళ వైర్‌లెస్ కబుర్లు విప్పేవాళ్ళు.

అయితే శాఖ ఉంటే సరిపోతుందా? ఇది రెండో ప్రశ్న. 1944 సెప్టెంబర్, హాలండులో ఆర్న్‌హెమ్ వంతెన దగ్గర పారాచూట్ దళాలని దింపుదామని పథకం. బ్రయన్ అర్కర్ట్ అని ఎయిర్‌బోర్న్ కోర్‌లో ఇంటెలిజెన్స్ ఆఫీసరు, పాతికేళ్ళవాడు. అక్కడ జర్మన్ ట్యాంకులు ఉండొచ్చని అనుమానం వచ్చి, విమానం పంపి ఫోటోలు తీయించాడు. ఫోటోల్లో ట్యాంకులు ఉన్నాయి. పట్టుకెళ్ళి పై అధికారికి చూపించాడు. పైవాళ్ళు ఏం చేశారు? డాక్టర్ని పంపి, నువ్వు బాగా అలసిపోయావు, సెలవు తీసుకో అన్నారు. పథకం ఆపలేదు. దింపిన పదివేల మందిలో తిరిగి వచ్చింది నాలుగో వంతు కూడా కాదు. ఆ అర్కర్టే తర్వాత ఐక్యరాజ్యసమితిలో శాంతి దళాల పని చూశాడు. చెప్పినవాడి వయసు, హోదా చూసి మాట నమ్మే అలవాటు మన దగ్గరా తక్కువేమీ కాదు లెండి.

మన దేశం సంగతి చెప్పకుండా దిగిపోతే బాగుండదు. మన సైన్యానికీ ఇంటెలిజెన్స్ కోర్ ఉంది, శిక్షణ పుణేలో. 1999 మే 3న బతాలిక్ దగ్గర తాషీ నామ్‌గ్యాల్ అనే పశువుల కాపరి, తప్పిపోయిన జడలబర్రెని వెతుక్కుంటూ దుర్భిణిలో చూస్తే, కొండ మీద కొత్త మనుషులు మంచు తవ్వుతూ కనబడ్డారు. వెళ్ళి సైన్యానికి చెప్పాడు. కార్గిల్ బయటపడింది అలా. అంటే అంతకుముందు మనకి ఏమీ తెలియదా? యుద్ధం తర్వాత కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన కమిటీ వేశారు. వాళ్ళ నివేదికలో ఒక చోటు నేను చాలాసార్లు చదివాను. 1998 జూన్‌లో దేశం లోపలి వార్తలు చూసే ఐబీ అధిపతి నియంత్రణ రేఖకి అవతల జరుగుతున్న కదలికల మీద ఒక నోటు పంపారు. ప్రధానికి, హోంమంత్రికి, క్యాబినెట్ కార్యదర్శికి, హోం కార్యదర్శికి, సైనిక ఆపరేషన్ల అధిపతికి. మంచిదే. కానీ విదేశాల వార్తలు చూసే ‘రా’ అధిపతికి వెళ్ళలేదు. అన్ని వైపుల వార్తలూ సరిచూడాల్సిన జాయింట్ ఇంటెలిజెన్స్ కమిటీ అధ్యక్షుడికి వెళ్ళలేదు. సైనిక ఇంటెలిజెన్స్ అధిపతికి వెళ్ళలేదు. అది పై నుంచి వాళ్ళకి దిగుతుందని అనుకున్నారట.

దిగలేదు. ఆ నివేదిక తర్వాతే 2002లో, మూడు దళాల వార్తలూ ఒకచోట కూర్చుని చూడడానికి, డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ వచ్చింది. తర్వాత సాంకేతిక నిఘా కోసం ఎన్‌టీఆర్‌ఓ అనే సంస్థ వచ్చింది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, నేను గమనించాను. ప్రశ్నలుంటే అడగండి. ఆ నీలం చొక్కా బాబు ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తే ఉన్నాడు, ముందు వాడిని అడగనివ్వండి.